పశువుల్ని రోజుకు ఎన్నిసార్లు చూసుకోవాలి? చూసినప్పుడు ఏం చూడాలి?

కొత్తగా నాలుగు గేదెలు కొని పాడి మొదలుపెట్టినవాళ్ళు దాణా గురించి అడుగుతారు, వెన్న శాతం గురించి అడుగుతారు. గొడ్లను రోజుకు ఎన్నిసార్లు చూడాలని అడిగినవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. మేత వేస్తున్నాం, పేడ ఎత్తుతున్నాం, పాలు పితుకుతున్నాం, ఇంక చూడనిదెప్పుడు అనుకుంటాం. కానీ మేత వేసేటప్పుడు మన చూపు గాడి మీద ఉంటుంది, పితికేటప్పుడు బకెట్టు మీద ఉంటుంది. గొడ్డు తల నుంచి తోక దాకా మన కంట్లో పడేది, చేతిలో ఏ పనీ లేకుండా దాని ముందు నిలబడ్డప్పుడే.

లెక్క ముందే చెప్పేస్తాను. పాలిచ్చే గొడ్డును రోజుకు నాలుగుసార్లు చూడండి: తెల్లవారుజామున పితికేముందు, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి పదింటికి. వట్టిపోయినవాటిని, పెయ్యల్ని, పడ్డల్ని కనీసం రెండుసార్లు చూడాలి. నెల దాటని దూడల్ని పాలిచ్చే గొడ్లతో పాటు నాలుగుసార్లూ చూడాలి. ఈతకు దగ్గరపడ్డ గొడ్డును రెండు మూడు గంటలకోసారి, ఈనిన గొడ్డును మూడు రోజుల పాటు రాత్రుళ్ళు కూడా మూడు నాలుగు గంటలకోసారి చూడాలి. ఒక్కో చూపుకు అయిదారు గొడ్ల పాకలో అయిదు నిమిషాలు చాలు. ఈ అయిదు నిమిషాల్లో కళ్ళు ఎక్కడెక్కడ పెట్టాలో తెలియడమే అసలు పని.

1. ముందు మీ గొడ్డు బాగున్నప్పుడు ఎలా ఉంటుందో తెలుసుకోండి

ఒక వారం రోజులు దీనికే కేటాయించండి. ఒక నోటుపుస్తకంలో గొడ్డుకో పేజీ పెట్టండి. పొద్దున చల్లటివేళ జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు పేడ వచ్చే దారిలో పెట్టి వేడి చూడండి. థర్మామీటరు చివర దారం కట్టి, ఆ దారాన్ని తోక వెంట్రుకలకు ముడేయడం మరవకండి, లోపలికి జారిపోగలదు. ఆవుకు 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ అటూ ఇటూగా ఉంటుంది, గేదెకు కాస్త తక్కువ. గేదెది నల్లటి ఒళ్ళు, చెమట గ్రంథులు తక్కువ. ఎండలో నిలబడి వస్తే జ్వరం లేకపోయినా వేడి పెరుగుతుంది. అందుకే కొలత పొద్దున తీసుకోమంటున్నాను. పొద్దునపూట 103 దాటిందంటే జ్వరమే.

నీడలో పడుకున్నప్పుడు డొక్క ఎగిరిపడటం నిమిషం పాటు లెక్కపెట్టండి, అదే ఊపిరి. ముప్ఫైకి అటూ ఇటూ ఉంటే బాగున్నట్టే. ఎడమ డొక్కలో, ఆఖరి పక్కటెముక వెనక గుంటలో పిడికిలి ఆనించి రెండు నిమిషాలు ఉంచండి. లోపల పొట్ట రెండు మూడుసార్లు అలలా లేచి మీ పిడికిలిని నెడుతుంది. మేత ఎక్కని గొడ్డుకు ఈ అల తగ్గిపోతుంది. ఈ ఒక్క పరీక్ష నేర్చుకుంటే సగం వైద్యం వచ్చినట్టే అని మా ఊరి పశువుల డాక్టరుగారు అంటుండేవారు. అప్పట్లో అర్థం కాలేదు గానీ పదేళ్ళు గొడ్ల మధ్య ఉన్నాక ఆయన మాట నిజమే అనిపిస్తుంది.

నోటుపుస్తకంలో ఇంకో మూడు రాయండి: ఏ గొడ్డు ముందు లేస్తుంది, ఏది గాడి దగ్గరకు ముందొస్తుంది, ఏది ఎప్పుడూ ఎక్కడ పడుకుంటుంది. రోజూ ముందుండే గేదె ఒక పూట వెనక నిలబడిందంటే, జ్వరం కొలతకు అందకముందే మీకు కబురు అందినట్టు.

2. తెల్లవారుజాము: లైటు వేసేముందు రెండు నిమిషాలు గుమ్మంలో ఆగండి

బకెట్ల చప్పుడు వినగానే గొడ్లన్నీ లేస్తాయి. లేచాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అందుకే చిన్న టార్చి పట్టుకుని, మాట్లాడకుండా, గుమ్మంలో నిలబడండి. పడుకున్నవాటిలో సగానికి పైగా నెమరేస్తూ ఉండాలి. బాగున్న గొడ్డు రోజుకు ఏడెనిమిది గంటలు నెమరేస్తుంది, ఒక్కో ముద్దను నలభై నుంచి అరవైసార్లు నములుతుంది. మెడ నేలకు ఆనించి, చెవులు వేలాడేసి, దవడ కదలకుండా పడుకున్నది ఉంటే ఆ పేరు మనసులో వేసుకోండి.

తర్వాత గాడి చూడండి. రాత్రి వేసిన గడ్డి మిగిల్చింది ఎవరు? తర్వాత పేడ. మామూలుగా పడితే అప్పంలా పరుచుకుని మధ్యలో కాస్త గుంట పడుతుంది. గట్టి ఉండల్లా పడినా, నీళ్ళలా చిమ్మినా, జిగురు గానీ నెత్తురు గానీ కలిసినా రాసుకోండి. మూత్రం కాఫీ రంగులో పోస్తుంటే సాయంత్రం దాకా ఆగకండి. గోమార్ల వల్ల వచ్చే జబ్బుల్లో అలా పోస్తుంది, ఎక్కువ పాలిచ్చే గేదె ఈనిన కొన్ని వారాలకు ఒంట్లో భాస్వరం పడిపోయినా పోస్తుంది. రెండింటికీ ఆ రోజే మందు పడాలి.

ఇక తోక కింద. గేదెలు చాలావరకు మూగ ఎదకొస్తాయి. ఆవులా ఒకదాని మీద ఒకటి ఎక్కి గోల చేయవు. రాత్రిపూట, తెల్లవారుజామున కాస్త అరవడం, మాటిమాటికీ మూత్రం పోయడం, పాలు తగ్గించడం, పడుకున్న చోట తోక వెనక గుడ్డు తెల్లసొనలాంటి జిగురు పడి ఉండటం, అంతే కనిపించేది. సూర్యుడొచ్చి పేడ ఎత్తాక ఆ జిగురు ఎవరికీ దొరకదు. ఎద ఒకసారి తప్పిందంటే మళ్ళీ 21 రోజులు ఆగాలి, ఆ 21 రోజుల మేత చేతి నుంచి పోయినట్టే. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున చూలు కట్టే సూది (కృత్రిమ గర్భధారణ) వేయించండి. ఊళ్ళో ఆ సూది వేసే గోపాలమిత్రకు ఫోన్ చేసేటప్పుడు "నిన్నో మొన్నో వచ్చినట్టుంది" అనకుండా, ఏ పూట చూశారో చెప్పగలగాలి.

పితికేముందు ప్రతి చన్ను నుంచి మొదటి రెండు ధారలు నల్లటి పళ్ళెం మీదో, ముదురు రంగు గుడ్డ మీదో తీసి చూడండి. నేల మీద పిండేస్తే ఏమీ కనపడదు, పైగా పాకంతా జబ్బు అంటుతుంది. పాలలో గడ్డలు, తీగలు, నీళ్ళ చాయ ఉంటే పొదుగువాపు మొదలైనట్టు. పొదుగు నాలుగు భాగాలూ అరచేత్తో తడిమి వేడిలో తేడా చూడండి. పితికాక గాడిలో మేత వేసి అరగంట నిలబడేలా చేయండి, పితికిన చన్ను రంధ్రం మూసుకోవడానికి అంతసేపు పడుతుంది. తడి నేల మీద వెంటనే పడుకుంటే రోగం తిన్నగా లోపలికే పోతుంది.

3. మధ్యాహ్నం

వానాకాలంలో, చలికాలంలో ఈ చూపు నీళ్ళ తొట్టి చూసి రావడమే. మార్చి నుంచి జూన్ దాకా మాత్రం ఇది తప్పకూడదు. రెండు గంటల వేళ నీడలో ఉన్న గొడ్డు ఊపిరి నిమిషానికి అరవై దాటితే నీళ్ళు చల్లండి, ఎనభై దాటి నోరు తెరిచి నాలుక బయటపెట్టి ఒగురుస్తుంటే తల మీద, మెడ మీద నీళ్ళు పోస్తూనే డాక్టరుకు చెప్పండి. తొట్టిలో చెయ్యి పెట్టి చూడండి, ఎండకు కాగిన నీళ్ళు గొడ్డు తాగదు. పాలిచ్చే పశువు రోజుకు అరవై డెబ్భై లీటర్లు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. నీళ్ళు తగ్గిన పూటే పాలు తగ్గుతాయి.

4. సాయంత్రం: మేత నుంచి వచ్చేటప్పుడు ఎదురెళ్ళండి

పాకలో కట్టేశాక కాదు, నడిచి వస్తుండగా చూడాలి. కుంటేది నడకలోనే తెలుస్తుంది. తల ఎంత నిమ్మళంగా ఊగుతోంది, ఏది వెనకబడింది, ఏది వీపు విల్లులా వంచి నడుస్తోంది, ఇవన్నీ దారిలోనే కనిపిస్తాయి. లెక్కపెట్టండి. మూడే గొడ్లున్నా లెక్కపెట్టండి, అలవాటు పోకూడదు.

వచ్చాక రెండు పక్కల డొక్కలు వెనక నుంచి చూడండి. ఎడమ డొక్క నిండుగా ఉండాలి గానీ తప్పెటలా ఉబ్బి మోగకూడదు. లేత పిల్లిపెసర, జనుము, పచ్చి లూసర్న్ ఖాళీ కడుపుతో మేసిన పూట ఉబ్బరం వస్తుంది. గొడ్డును ముందుకాళ్ళు ఎత్తుమీద ఉండేలా నిలబెట్టి, నోట్లో వేపపుల్ల అడ్డంగా పెట్టి కట్టండి, నములుతూ ఉంటే గాలి బయటికొస్తుంది. పడుకోనివ్వకండి. ఈలోపు డాక్టరుకు ఫోన్ చేయండి.

జొన్న గురించి ఒక హెచ్చరిక. వాన లేక వాడిన లేత జొన్న, కోశాక మళ్ళీ వేసిన పిలక జొన్న మేస్తే నాము తగులుతుంది, అందులో ఉండేది సైనైడ్ విషం. పూత రాకముందు జొన్న చేలోకి గొడ్డును పోనివ్వొద్దు. మేసిన కాసేపటికే ఒగురుస్తూ, తూలుతూ పడిపోతుంది. దీనికి సాయంత్రం చూపు కూడా ఆలస్యమే. జొన్న పిలకలేసే రోజుల్లో గొడ్ల వెంట మనిషి ఉండాల్సిందే.

చెవుల లోపల, పొదుగు పైన, తోక కింద, గంగడోలు మడతల్లో గోమార్లు, పిడుదులు వెతకండి. మెడ నిమిరినట్టే నిమిరి గొంతు కింద వాపుందేమో చూడండి. ఎందుకో వానాకాలం దగ్గర చెబుతాను.

5. రాత్రి పదింటి చూపు

నాలుగు చూపుల్లో ఎక్కువమంది మానేసేది ఇదే, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది కూడా ఇదే. సాయంత్రం ఏడింటికి గడ్డి వేసి వచ్చేస్తే మళ్ళీ తెల్లవారుజామున నాలుగింటి దాకా తొమ్మిది గంటలు గొడ్డు ముఖం చూసేవాళ్ళు లేరు. పగలు ఎప్పుడూ గొడ్డును అంతసేపు వదలం.

మా పాకలో నాలుగో ఈత ఈనిన గేదె ఉండేది, పూటకు ఆరు లీటర్లిచ్చేది. ఈనిన రెండో రోజు సాయంత్రం మేత సరిగా తినలేదు. అలిసిపోయి ఉంటుందిలే అనుకున్నాం. రాత్రి ఎవరం వెళ్ళలేదు. తెల్లవారుజామున వెళ్ళేసరికి మెడ పక్కకు తిప్పి తల డొక్కకు ఆనించుకుని పడి ఉంది. చెవులు చల్లగా ఉన్నాయి, ముట్టె ఎండిపోయింది. డాక్టరుగారు దారిలో ఉండగానే ప్రాణం పోయింది. అది పాలజ్వరం. పేరులో జ్వరం ఉంది గానీ ఒళ్ళు కాలదు, చల్లబడుతుంది. పాలలోకి సున్నం ఒక్కసారిగా దిగిపోయి నెత్తురులో తగ్గడం వల్ల వస్తుంది. వేళకు నరంలోకి కాల్షియం ఎక్కిస్తే చాలా గొడ్లు గంటల్లో లేచి నిలబడతాయి. పదింటికి ఒక్కసారి వెళ్ళి ఉంటే చెవి పట్టుకుని చూస్తే తెలిసిపోయేది. ఆ రోజు నుంచి పదింటికి టార్చి పట్టుకోకుండా నేను పడుకోలేదు.

రాత్రి పదింటికి గొడ్లన్నీ పడుకుని ఉంటాయి కాబట్టి నిలబడి ఉన్నది ఏదో చూడండి. పడుకోలేక నిలబడిందా, నొప్పికి లేచిందా? చూడి గేదెల తోక కింద ప్రత్యేకంగా చూడండి. నెలలు నిండినవాటికి పడుకున్నప్పుడు మానం నుంచి ఎర్రటి కండ బంతిలా బయటికొచ్చి, లేవగానే లోపలికి పోతుంటుంది. పగలు నిలబడి ఉండగా మీకు ఎప్పటికీ కనపడదు. మొదట్లోనే గమనిస్తే వెనక భాగం ఎత్తుగా ఉండేలా నేల సరిచేసి వైద్యం చేయించొచ్చు.

పలుపులు మెడకు చుట్టుకున్నాయా, దూడ కాలు తాడులో ఇరుక్కుందా, ఫ్యాను వైరు గొడ్డు నోటికి అందేలా వేలాడుతోందా అని కూడా ఒక చూపు.

6. ఈతకు దగ్గరపడ్డ గొడ్డు

సూది వేయించిన తేదీ రాసి ఉంటే సగం ఆందోళన పోతుంది. ఆవుకు 280 రోజులు, గేదెకు 310 రోజుల దగ్గర లెక్కేసుకోండి. ఆ తేదీకి పది రోజుల ముందు నుంచి రోజూ వెనక నిలబడి తోక మొదలు చూడండి. రెండు పక్కలా గుంటలు పడి, వేళ్ళతో నొక్కితే మెత్తగా తగిలితే, పొదుగు చేపుకొచ్చి చన్నులు నిగనిగలాడితే, ఒకటి రెండు రోజుల్లో ఈనుతుంది. అప్పటి నుంచి రెండు మూడు గంటలకోసారి చూడటం మొదలుపెట్టండి. పొడి గడ్డి పరిచిన విడి చోట కట్టండి.

రాత్రి ఈతలు తగ్గించుకోవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. కెనడాలోని మానిటోబాలో గస్ కోనెఫాల్ అనే పశుపోషకుడు 1970లలో చూలు ఆవులకు మేత వేళలు మార్చి చూశాడు. రోజులో ప్రధానమైన మేత పొద్దుపోయాక వేస్తే ఎక్కువ ఆవులు పగటిపూట ఈనుతున్నాయని గమనించాడు. తర్వాత అమెరికాలోని అయోవాలో 15 మంది రైతుల దగ్గర 1,331 ఆవులకు పొద్దుగూకే వేళ రోజుకొక్కసారే మేత వేస్తే 85 శాతం పొద్దున ఆరు, సాయంత్రం ఆరు మధ్య ఈనాయి. అవి మాంసం కోసం పెంచే ఆవులు, మన పాడి గేదెలకు అదే లెక్క వస్తుందని చెప్పను. కానీ చివరి నెలలో ముఖ్యమైన మేతను సాయంత్రానికి మార్చడానికి పైసా ఖర్చు లేదు, చేసి చూడండి.

నొప్పులు మొదలయ్యాక దూరంగా కూర్చుని చూడండి, చుట్టూ జనం మూగితే గొడ్డు బిగబట్టుకుంటుంది. లేస్తూ పడుకుంటూ తోక ఎత్తుతూ రెండు నుంచి ఆరు గంటలు గడుస్తుంది. తొలిచూలుకు ఇంకా ఎక్కువే పట్టొచ్చు. నీటితిత్తి కనిపించిన క్షణం గడియారం చూడండి. అక్కడి నుంచి గంటలోపు ఈతలు ఈనిన గొడ్డుకు, రెండు గంటల్లోపు తొలిచూలుకు దూడ రావాలి. రెండు ముందుకాళ్ళ గిట్టలు, వాటి మీద ముట్టె కనిపిస్తే దారి సరిగానే ఉంది. ఒకే కాలు కనిపించినా, గిట్ట అడుగుభాగం పైకి తిరిగి ఉన్నా, కాళ్ళు లేకుండా తోక తగిలినా మీరు లాగొద్దు. నలుగురు కలిసి తాడు కట్టి లాగడం వల్ల గర్భసంచి చిరిగిన గొడ్లను చూశాను.

దూడ పడగానే ముక్కు, నోరు తుడిచి, బొడ్డుకు టింక్చర్ అయోడిన్ రాసి, గంటలోపు జున్నుపాలు తాగించండి. మాయ పడేదాకా దూడకు పాలు పట్టకూడదని చాలా ఊళ్ళలో ఇంకా అంటారు. దయచేసి ఆ మాట వినొద్దు. దూడ చీకితేనే తల్లి గర్భసంచి ముడుచుకుని మాయ తొందరగా పడుతుంది. దూడ పేగులు జున్నుపాలలోని రోగనిరోధక శక్తిని పీల్చుకునేది మొదటి కొన్ని గంటలే, రోజు గడిస్తే ఆ దారి మూసుకుపోతుంది. ముప్ఫై కిలోల దూడకు మొదటి రోజు మూడు లీటర్లు, విడతలుగా పట్టండి. మాయ పన్నెండు గంటలకు పడకపోతే డాక్టరుకు చెప్పండి. వేలాడే మాయకు రాయి, చెప్పు కట్టొద్దు.

ఆ తర్వాత మూడు రోజులు పాలజ్వరం కాపలా. ప్రతిసారీ చెవి పట్టుకుని చూడండి, లేపి నిలబెట్టండి, పేడ వేసిందో లేదో చూడండి. పడిపోయిన గొడ్డుకు వెదురు గొట్టంతో ఏదీ పోయొద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

7. వానాకాలం, తుఫాను

తొలకరి వానలతో గొంతువాపు వస్తుంది, గేదెలకు మరీ ప్రమాదం. ఎక్కువ జ్వరం, గొంతు కింద వాపు, చొంగ, గురక. ఒక్క రోజులో ప్రాణం తీస్తుంది. మే, జూన్‌లో టీకా వేయించడం మొదటి పని, ఆ మీద వానలు పడ్డన్నాళ్ళూ పొద్దునా సాయంత్రం గొంతు తడమడం రెండో పని. ఒక గొడ్డు ఒంటి మీద గడ్డలు లేచినా, నోట్లో గిట్టల మధ్య పుళ్ళు కనిపించినా ఆ పూటే మిగతావాటి నుంచి వేరుచేయండి. ముద్దచర్మం, గాలికుంటు పక్కగొడ్డుకు పాకడానికి ఎక్కువ సమయం తీసుకోవు.

తీరప్రాంతంలో తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి నాలుగు చూపుల లెక్క పనికిరాదు. 1977 నవంబరు ఉప్పెన చూసిన దివిసీమ పెద్దవాళ్ళను అడగండి. ఎత్తైన చోటికి తోలలేకపోతే పలుపులు విప్పేయండి. కట్టేసిన గొడ్డు ఈదలేదు.

8. మందలు, దూరపు పొలాలు

అమ్రాబాద్ వైపు పొడ తూర్పు జాతి ఆవుల్ని నల్లమలలో మేపేవాళ్ళకు పాకలో నాలుగు చూపులు కుదరవు. మన ఒంగోలు జాతి నుంచి పుట్టి, నెల్లూరు పేరుతోనే నెలోర్ అని బ్రెజిల్‌లో పెరిగే మందలకూ అంతే. అలాంటి చోట నీళ్ళ దగ్గర, ఉప్పు పెట్టే చోట నిలబడి చూడాలి, అన్నీ అక్కడికే వస్తాయి. రోజుకు ఒక్కసారైనా, లెక్కతో సహా. ఐరోపా దేశాల్లో మనిషి ఆదరువు మీద బతికే పశువుల్ని రోజుకు కనీసం ఒకసారి చూసి తీరాలని 1998లోనే నియమం పెట్టారు. ఊళ్ళో ఉండి పొలంలో పాక పెట్టినవాళ్ళు కెమెరా పెట్టుకుంటున్నారు, మంచిదే. ఈనే గొడ్డుకు చాలా ఉపయోగం. కానీ కెమెరాకు చెవి చల్లదనం, పొదుగు వేడి, పేడ వాసన తెలియవు. అందుకని మనిషి చూపును తగ్గించొద్దు.

ఎప్పుడు ఫోన్ చేయాలి

ఒక పూట మేత మానేసి నెమరు లేకపోతే మరో పూట చూడకుండా చేయండి. లేవలేని గొడ్డు, ఉబ్బిన డొక్క, గొంతు వాపు, నీటితిత్తి కనిపించి గంట (తొలిచూలుకు రెండు గంటలు) దాటిన ఈత, చల్లబడ్డ చెవులు, వీటికి రాత్రి ఎన్నింటికైనా సరే. ఊళ్ళో డాక్టరు దొరక్కపోతే ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 1962కు చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు. ఫోన్‌లో "గేదెకు బాగోలేదు" అనడం కన్నా, వేడి ఎంత, ఊపిరి ఎంత, ఎప్పటి నుంచి తినడం లేదు, ఎన్నో ఈత, ఈని ఎన్ని రోజులైంది అని చెబితే డాక్టరు మందులు సిద్ధం చేసుకుని వస్తారు. ఇవన్నీ మీ నోటుపుస్తకంలోనే ఉంటాయి.

ఆ పుస్తకం, టార్చి, థర్మామీటరు, టింక్చర్ అయోడిన్ సీసా, ఒక శుభ్రమైన తువ్వాలు పాక గుమ్మం పక్కన మేకుకు ఒక సంచిలో వేలాడదీయండి. ఇంట్లో పెడితే అర్ధరాత్రి వెతుక్కోవడంతోనే సరిపోతుంది. టార్చికి ఆదివారం ఆదివారం ఛార్జింగ్ పెట్టండి.